కుక్కపిల్లకు మాటిమాటికీ మోషన్లా? ఏ ఫుడ్ ఎంచుకోవాలి, ఎలా పోల్చుకోవాలి

కుక్కపిల్ల ఇంటికొచ్చిన మూడో రోజో నాలుగో రోజో మోషన్ పలచబడుతుంది. వెంటనే ఫుడ్ మారుస్తారు. తగ్గలేదని వారానికి ఇంకోటి. మధ్యలో పెరుగన్నం, ఎవరో చెప్పారని సెరెలాక్, పెద్దవాళ్లు ముద్దు చేసి పెట్టిన చికెన్ తోలు. నెల తిరిగేసరికి దానికి ఏది పడుతుందో, ఏది పడదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

అందుకే పోలికలోకి వెళ్లే ముందే చెప్పేయాలి. 'సెన్సిటివ్ స్టమక్', అంటే మెత్తటి పొట్ట, అనుకునే పిల్లల్లో చాలావాటికి అసలు కారణం ఫుడ్ సంచీలో ఉండదు. నట్టలు, ఒక్కసారిగా మార్చిన తిండి, కొలత లేకుండా పెట్టడం: ముందు అనుమానించాల్సినవి ఈ మూడూ. ఇవి తేలకుండా ఎంత ఖరీదైన ఫుడ్ కొన్నా డబ్బు దండగే.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

రౌండ్‌వార్మ్‌లు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు వస్తాయి, హుక్‌వార్మ్‌లు తల్లిపాల ద్వారా వస్తాయి. కాబట్టి ఎంత శుభ్రమైన చోట పుట్టినా నట్టల మందు తప్పదు. రెండు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల వరకు రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి వేయించడం మామూలు పద్ధతి. 'అమ్మినవాళ్లు ఒకసారి వేశామన్నారు' అంటే సరిపోదు. ఒక మోతాదు పేగులో ఉన్న పెద్ద నట్టల్ని తీస్తుంది, అప్పటికి ఇంకా ఒంట్లో తిరుగుతున్న లార్వాల్ని తీయదు.

జియార్డియా, కాక్సిడియా అనేవి వేరే, కంటికి కనిపించని ఏకకణ పరాన్నజీవులు. మామూలు నట్టల మందుకు ఇవన్నీ లొంగవు. చాలా పిల్లలు ఒకేచోట పెరిగినప్పుడు ఎక్కువగా కనిపిస్తాయి. మలపరీక్షలోనే తేలతాయి. జియార్డియా ఒక్క శాంపిల్‌లో దొరక్కపోవచ్చు, అందుకని రెండు మూడు రోజుల శాంపిల్స్ అడుగుతారు.

ఇక ఫుడ్ గురించి ఆలోచించడం మానేసి ఆ గంటలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు: మలంలో రక్తం, ఆగని వాంతులు, తిండి ముట్టకపోవడం, నీరసంగా పడి ఉండడం, చిగుళ్లు పాలిపోవడం. టీకాలు పూర్తికాని పిల్లలో ఇవి పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు లక్షణాలు కావచ్చు. మన ఇళ్లలో వాడే లూజ్ మోషన్ మాత్ర ముక్క చేసి వేయొద్దు. ఒక పూట పస్తు పెడదామన్న ఆలోచన కూడా మూడు నెలల లోపు పిల్లలకు, ముఖ్యంగా పొమెరేనియన్, షిట్జు లాంటి చిన్న జాతులకు ప్రమాదం. రక్తంలో షుగర్ పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి.

పిల్ల హుషారుగా ఉండి, తింటూ, బరువు పెరుగుతూ, మోషన్ మాత్రమే మెత్తగా ఉంటే ఫుడ్ ఎంపిక మీద దృష్టి పెట్టొచ్చు.

## దేన్ని బట్టి పోల్చాలి

పెరుగుదలకు సరిపోయే పూర్తి ఆహారమా? అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. సంచీ వెనక సన్నటి అక్షరాల్లో 'కంప్లీట్' అనే మాట, అది 'గ్రోత్' కోసమో 'ఆల్ లైఫ్ స్టేజెస్' కోసమో అన్న మాట ఉండాలి. అమెరికాలో జంతువుల ఆహారానికి ప్రమాణాలు రాసే ఆఫ్కో సంస్థ ప్రకారం పెరిగే పిల్లల ఆహారంలో, నీటిశాతం తీసేసి లెక్కేస్తే, కనీసం 22.5 శాతం ప్రొటీన్, 8.5 శాతం కొవ్వు, 1.2 శాతం కాల్షియం ఉండాలి. 'అడల్ట్ మెయింటెనెన్స్' అని ఉన్నది ఎంత తేలిగ్గా అరిగినా పిల్లకు పనికిరాదు. 'సెన్సిటివ్' అనే మాటకు ఇలాంటి నిర్దిష్ట ప్రమాణమేదీ లేదు. ఎవరైనా ముద్రించుకోవచ్చు.

నీటిశాతం తీసేసి పోల్చారా? వెట్ ఫుడ్ పౌచ్ మీద ప్రొటీన్ 8 శాతం, డ్రై ఫుడ్ మీద 24 శాతం ఉంటే డ్రైదే బలమైనదనిపిస్తుంది. పౌచ్‌లో 80 శాతం నీరే. మిగిలిన 20లో 8 అంటే 40 శాతం. డ్రైలో నీరు 10 శాతం, మిగిలిన 90లో 24 అంటే దాదాపు 27 శాతం.

కొవ్వు ఎంత? ఒక ఫుడ్ నుంచి మరోదానికి మారినప్పుడు మోషన్ పలచబడితే ముందు రెండిటి కొవ్వు శాతాలు పక్కపక్కన పెట్టి చూడండి. 10 శాతం నుంచి 20 శాతానికి ఒక్కసారిగా దూకితే చాలా పొట్టలు తట్టుకోలేవు. అలాగని బాగా తక్కువ కొవ్వున్నదీ వెతక్కండి, ఎదిగే పిల్లకు క్యాలరీలు కావాలి.

మాంసం ఏది, పీచు ఏది? చికెన్, గొర్రె, చేప అని పేరు పెట్టి రాసిన పదార్థాలుంటే రేపు ఏది పడలేదో తేల్చడం సులువు. 'మీట్ అండ్ మీట్ బై ప్రోడక్ట్స్' అని ముద్దగా రాస్తే తేల్చలేం. బీట్ పల్ప్ అంటే చక్కెర దుంప పిప్పి, సైలియం అంటే మన ఇసబ్గోల్, ఎఫ్‌ఓఎస్, ఎమ్‌ఓఎస్ లాంటి, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు మేతయ్యే పీచులు ఉంటే మంచిదే.

రోజుకు ఎంత ఖర్చు? కిలో ధర చూసి పోల్చడం తప్పుదారి. రోజుకు ఎన్ని గ్రాములు పెడతామో దాన్ని బట్టి లెక్కేయాలి.

## ఒక్క చూపులో

| రకం | పెరుగుదలకు సరిపోతుందా | మెత్తటి పొట్టకు | ఎంతకాలం | ఖర్చు |
|---|---|---|---|---|
| మామూలు పపీ డ్రై ఫుడ్ | అవును, 'కంప్లీట్' అని ఉంటే | చాలా పిల్లలకు చాలు | పెద్దయ్యేదాకా | తక్కువ నుంచి మధ్యస్థం |
| సెన్సిటివ్ పపీ ఫుడ్ | అవును | మంచిది | పెద్దయ్యేదాకా | ఎక్కువ |
| డాక్టర్ రాసే గ్యాస్ట్రో ఫుడ్, పపీ రకం | అవును | చాలా మంచిది | కొన్ని వారాలు | చాలా ఎక్కువ |
| హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ | సంచీ చూసి తేల్చుకోవాలి | అలర్జీ ఉంటేనే | డాక్టర్ చెప్పినంత | అన్నిటికన్నా ఎక్కువ |
| చికెన్ అన్నం | కాదు | రెండు మూడు రోజులకు మంచిది | గరిష్ఠంగా 3 రోజులు | తక్కువ |
| పెరుగన్నం, పాలు, సెరెలాక్ | కాదు | పాలతో ఇంకా పాడవుతుంది | వద్దు | తక్కువ |
| వెట్ ఫుడ్ పౌచ్ | 'కంప్లీట్' అని ఉంటే | ఫర్వాలేదు | డ్రైతో కలిపి | మొత్తం అదే పెడితే భారం |

## ఒక్కొక్కటీ దగ్గరగా

మామూలు పపీ డ్రై ఫుడ్. పెడిగ్రీ, డ్రూల్స్, ప్యూరినా, రాయల్ కానిన్, ఫార్మినా లాంటివాటి పపీ రకాలు మన ఊళ్లలో తేలిగ్గా దొరుకుతాయి. నట్టల మందు సరిగా పడి, కొలతగా పెడుతూ, పైన ఇంకేమీ పెట్టకపోతే చాలా పిల్లలు వీటితోనే సర్దుకుంటాయి. ధర తక్కువైనవాటిలో ధాన్యం, పీచు ఎక్కువ, అందుకే ఎక్కువ గ్రాములు పెట్టాలి, మలం ఎక్కువ పరిమాణంలో వస్తుంది. అది జబ్బు కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: పెద్ద సంచీ విప్పి కిలోల లెక్కన అమ్మే లూజ్ ఫుడ్ కొనొద్దు. గాలి తగిలి కొవ్వు ముక్కిపోతుంది, వానాకాలంలో బూజు పడుతుంది, తయారీ తేదీ కూడా తెలియదు.

సెన్సిటివ్ పపీ ఫుడ్. తేలిగ్గా అరిగే అన్నం, ఒకే రకం మాంసం, పేగులకు మంచి చేసే పీచు ఉండేలా తయారుచేస్తారు. హిల్స్‌లో పపీలకే 'సెన్సిటివ్ స్టమక్ అండ్ స్కిన్' అని ఉంది, ప్యూరినా ప్రో ప్లాన్‌లోనూ పపీ సెన్సిటివ్ రకం ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ రెండూ దాదాపు ఏ పెట్ స్టోర్‌లోనైనా దొరుకుతాయి. ఇక్కడ సెన్సిటివ్ పేరుతో దొరికేవాటిలో పెద్ద కుక్కలవీ ఉంటాయి, సంచీ ముందు బొమ్మ చూసి మోసపోకండి. మామూలు ఫుడ్‌తో మూడు వారాలు కుదురుగా ప్రయత్నించాక కూడా మోషన్ మెత్తగానే ఉంటే ఇది తర్వాతి మెట్టు.

డాక్టర్ రాసే గ్యాస్ట్రో ఫుడ్. రాయల్ కానిన్ గ్యాస్ట్రోఇంటెస్టైనల్ పపీ ఈ కోవలోది. పార్వో నుంచి, నట్టల నుంచి కోలుకుంటున్న బక్కచిక్కిన పిల్లకు ఇది నిజంగా ఉపయోగం: తక్కువ పరిమాణంలో ఎక్కువ క్యాలరీలు, ఎక్కువ అరుగుదల. అదే వరుసలో 'లో ఫ్యాట్' అని ఉన్నది పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి వాపు) లాంటి జబ్బులున్న పెద్ద కుక్కల కోసం. రెండు సంచీలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి షాపులో పొరపాటు జరిగే చోటు ఇదే. హుషారుగా ఉన్న పిల్లకు ఏడాది పొడుగునా దీన్నే పెట్టాల్సిన పని లేదు.

హైడ్రోలైజ్డ్ ప్రొటీన్. ప్రొటీన్‌ను శరీరం గుర్తుపట్టనంత చిన్న ముక్కలుగా విడగొట్టిన ఆహారం. కుక్కల్లో అలర్జీ తెచ్చేవాటిలో బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ ముందుంటాయి. కానీ రెండు మూడు నెలల పిల్లలో నిజమైన ఫుడ్ అలర్జీ అరుదు. నట్టలు లేవని తేలాక, సెన్సిటివ్ ఫుడ్‌తోనూ తగ్గక, దురద, చెవుల ఇన్ఫెక్షన్ కూడా ఉంటే డాక్టర్ దీన్ని సూచిస్తారు. పొట్ట వరకైతే రెండు వారాల్లోనే తేడా కనిపిస్తుంది, చర్మానికి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ లోగా ఒక్క బిస్కెట్ పెట్టినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. షాపులో దొరికే 'సింగిల్ ప్రొటీన్' ఫుడ్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. అదే మిషన్‌లో చేసిన వేరే మాంసం ఆనవాళ్లు అందులో ఉండొచ్చు.

చికెన్ అన్నం. మోషన్లు పట్టిన పిల్లకు రెండు రోజులు పెట్టడానికి ఇంతకన్నా మంచిది లేదు. తోలు, ఎముక తీసిన చికెన్ బ్రెస్ట్ ఒక వంతు, మెత్తగా ఉడికిన తెల్లన్నం రెండు వంతులు. ఉప్పు, పసుపు, నూనె, మసాలా ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు, అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కూర కోసం వండిన చికెన్‌ను కడిగి పెట్టడం కుదరదు, ఉల్లి రసం ముక్కలోకి దిగిపోయి ఉంటుంది.

చిక్కల్లా, మోషన్ గట్టిపడింది కదా అని నెలల తరబడి ఇదే పెట్టేయడంలో ఉంది. లెక్క చూడండి. మూడు నెలల, 5 కిలోల పిల్లకు రోజుకు సుమారు 700 కిలో క్యాలరీలు కావాలి, దాంతో పాటు దాదాపు 2,100 మిల్లీగ్రాముల కాల్షియం. అన్ని క్యాలరీలకు సరిపడా చికెన్ అన్నంలో కాల్షియం 100 మిల్లీగ్రాములు కూడా ఉండదు. 100 గ్రాముల పెరుగు కలిపితే మరో 120 వస్తుంది. ఫాస్ఫరస్ మాత్రం మాంసంలో దండిగా ఉంటుంది. కాల్షియం చాలక శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది, కాళ్లు వంగిపోతాయి, సోఫా మీంచి దూకితే ఎముక విరుగుతుంది. రోజూ ఇంటి వంటే పెట్టాలనుకుంటే వెటర్నరీ పోషకాహార నిపుణుల చేత గ్రాముల లెక్కన వంటకం రాయించుకోవాలి.

పెరుగన్నం, పాలు, సెరెలాక్. తల్లిపాలు మానేసే వయసు నుంచి పిల్లల్లో పాల చక్కెరను అరిగించే శక్తి తగ్గుతూ వస్తుంది. గేదెపాలలో కొవ్వు కూడా ఎక్కువ, కాబట్టి మోషన్లకు అదొక తిన్నని దారి. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గుతుంది కనుక ఒకటి రెండు చెంచాలు చాలా పిల్లలకు పడతాయి. సెరెలాక్ మనుషుల పసిపిల్లల కోసం చేసింది, కుక్కపిల్లకు కావలసినంత ప్రొటీన్ అందులో లేదు. పళ్లొచ్చిన పిల్లకు డ్రై ఫుడ్‌నే గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి పెడితే సరిపోతుంది.

వెట్ ఫుడ్ పౌచ్‌లు. 70, 80 గ్రాముల పౌచ్‌లో ఉండేది సుమారు 60 నుంచి 80 కిలో క్యాలరీలే. పైన చెప్పిన 5 కిలోల పిల్లకు రోజుకు పది పౌచ్‌ల దాకా కావాలి. నీళ్లు తక్కువ తాగే పిల్లకు డ్రైలో కలపడానికి బాగుంటుంది. రోజుకో రుచి మార్చకండి.

గ్రెయిన్ ఫ్రీ, పచ్చిమాంసం. ధాన్యం వల్ల మోషన్లు వస్తాయన్నది చాలావరకు ప్రచారమే. బాగా ఉడికిన అన్నం పొట్టకు తేలిక. బఠాణీలు, పప్పులు ఎక్కువగా ఉన్న గ్రెయిన్ ఫ్రీ ఆహారాలకు, గుండె కండరం బలహీనపడే డీసీఎమ్ జబ్బుకు సంబంధం ఉందా అని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో హెచ్చరిక ఇచ్చింది. కారణం ఇప్పటికీ తేలలేదు. తేలని దానికి ఎక్కువ డబ్బు పెట్టి కొనడం ఎందుకు? పచ్చిమాంసంలో సాల్మొనెల్లా అనే హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు, మెత్తటి పొట్ట ఉన్న పిల్లకూ, దాన్ని ముద్దాడే చిన్నపిల్లలకూ అది వద్దు.

## మీ ఇంటికి ఏది

ఇప్పుడే తెచ్చిన పిల్ల. ఇన్నాళ్లూ ఏం తిన్నదో అడిగి, అదే ఫుడ్ వారానికి సరిపడా తీసుకోండి. తల్లిని, తోబుట్టువుల్ని వదిలి వచ్చిన ఒత్తిడికే మోషన్ పలచబడుతుంది. అదే వారంలో ఫుడ్ కూడా మారిస్తే తప్పు దేనిదో తెలియదు.

వీధిలోంచి తెచ్చిన నాటు పిల్ల. నట్టల మందు, టీకా, మామూలు పపీ డ్రై ఫుడ్ చాలు. ఆకలి చూసి జాలిపడి మొదటి రోజే గిన్నె నిండా పెట్టొద్దు. నాలుగైదు చిన్న పూటలుగా పెట్టండి.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్. 'లార్జ్ బ్రీడ్ పపీ' రకమే తీసుకోండి. ఆఫ్కో ప్రకారం పెద్ద జాతుల పిల్లలకు కాల్షియం 1.8 శాతం మించకూడదు. చిన్న వయసులో పిల్లలు వద్దనుకున్న కాల్షియాన్ని ఒంట్లోకి రాకుండా ఆపుకోలేవు. ఫుడ్ కొన్నప్పుడల్లా కాల్షియం సిరప్ కూడా అంటగడతారు కొందరు షాపువాళ్లు. పూర్తి ఆహారం తింటున్న పెద్ద జాతి పిల్లకు అది కీళ్లు, ఎముకలు పాడుచేసే పని. ఇక ఎంత తిన్నా బక్కగా ఉంటూ, కుప్పలుగా జిడ్డు మోషన్ వెళ్లే జర్మన్ షెపర్డ్ అయితే పాంక్రియాస్ ఎంజైముల పరీక్ష అడగండి.

శాకాహార కుటుంబాలు. ఇంట్లో మాంసం వండరు కాబట్టి పెరుగన్నం, పప్పన్నంతో పెంచాలని చూస్తారు. పిల్ల దశలో అది గట్టెక్కదు. సీల్ చేసిన డ్రై ఫుడ్ ఒక డబ్బాలో, విడి గిన్నెతో బాల్కనీలో పెట్టుకోవడం చాలామందికి కుదిరే రాజీ.

చేతిలో డబ్బు తక్కువైతే. కిలో 300 రూపాయల ఫుడ్ రోజుకు 200 గ్రాములు పెడితే 60 రూపాయలు. కిలో 700ది 170 గ్రాములు చాలితే 119. తేడా నెలకు దాదాపు 1,800. మోషన్ బాగున్న పిల్లకు ఆ డబ్బు టీకాలకు, మలపరీక్షకు దాచడమే మేలు.

## కొలత, మార్పు

సంచీ మీది పట్టికలో కొన్నిటికి ఇప్పటి బరువు, కొన్నిటికి పెద్దయ్యాక వచ్చే బరువు రాస్తారు. చూసుకోకపోతే రెట్టింపు పెట్టేస్తారు. 100 గ్రాములకు 380 కిలో క్యాలరీలున్న డ్రై ఫుడ్‌కు ఈ లెక్క మొదలుపెట్టడానికి సరిపోతుంది:

| ఇప్పటి బరువు, వయసు | రోజు మొత్తానికి |
|---|---|
| 2 కిలోలు, 4 నెలల లోపు | 90 గ్రాములు |
| 5 కిలోలు, 4 నెలల లోపు | 185 గ్రాములు |
| 5 కిలోలు, 4 నెలలు దాటాక | 125 గ్రాములు |
| 10 కిలోలు, 4 నెలలు దాటాక | 205 గ్రాములు |

నాలుగు నెలల లోపు దీన్ని నాలుగు పూటలుగా, ఆరు నెలల దాకా మూడు పూటలుగా పంచండి. స్టీల్ గ్లాసుతో కొలవొద్దు, గుళిక సైజును బట్టి అదే గ్లాసులో 70 గ్రాములూ పడుతుంది, 90 గ్రాములూ పడుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు కొనండి. బిస్కెట్లు, గుడ్డు లాంటి అదనపు తిళ్లు రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు. 5 కిలోల పిల్లకు ఒక్క ఉడికిన గుడ్డుతో ఆ కోటా అయిపోయింది.

పొద్దున మోషన్ గట్టిగా, సాయంత్రానికి మెత్తగా ఉంటే ముందు కొలత పదో వంతు తగ్గించి మూడు రోజులు చూడండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. కొంచెం కొంచెంగా, జిగురుతో, ముక్కుతూ మాటిమాటికీ వెళ్తుంటే పెద్దపేగు ఇబ్బంది. పూటకో చెంచా ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు కలిపితే మేలు చేస్తుంది.

కొత్త ఫుడ్‌కు మారేటప్పుడు మామూలు పిల్లకు ఏడు రోజులు, మెత్తటి పొట్టకు పది నుంచి పద్నాలుగు రోజులు. మొదటి మూడు నాలుగు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు. సగం దగ్గర పలచబడితే వెనక్కి, పావు వంతుకు వెళ్లి రెండు మూడు రోజులు ఆగండి. అక్కడ భయపడి మూడో బ్రాండ్ కొనడమే అందరూ చేసే తప్పు.

సంచీ విప్పాక నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోయే సైజే తీసుకోండి. గుళికల్ని డబ్బాలో ఒంపకుండా సంచీతో సహా గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, లేకపోతే డబ్బా గోడలకు అంటిన పాత కొవ్వు ముక్కి, కొత్త సంచీని కూడా పాడుచేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో ఇది ఇంకా ముఖ్యం. నానబెట్టిన ఫుడ్ అరగంటలో తినకపోతే తీసి పారేయాలి, మళ్లీ పూటకు దాచొద్దు.

ఒకే ఫుడ్, ఒకే కొలత, పైతిళ్లు లేకుండా మూడు వారాలు గడిచినా మోషన్ కుదురుకోకపోతే, లేదా బరువు పెరగడం ఆగితే, మళ్లీ పరీక్షకు వెళ్లాలి. దగ్గర్లో ల్యాబ్ లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్ని అడగండి. వెళ్లేటప్పుడు ఆ రోజు వెళ్లిన తాజా మలం మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో, ఫుడ్ సంచీ వెనక భాగం ఫొటో, వారం వారం బరువు, నట్టల మందు పేరు, వేసిన తేదీలు పట్టుకెళ్లండి.